నులక మంచం నుంచి నురుగు పరుపు దాకా
(రేడియో ప్రసంగం)



ఒక చీర కొనాలంటే నాలుగు కొట్లు తిరుగుతాం. అంచు చూస్తాం, రంగు వెలుగులో పెట్టి చూస్తాం, పక్కింటావిడ ఏమంటుందో అడుగుతాం. పరుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మగవాళ్ళు ఒక సాయంత్రం బజారుకు వెళ్ళి, అరచేత్తో రెండుసార్లు అదిమి చూసి, “భేషుగ్గా మెత్తగా వుంది” అనో, “గట్టి సరుకు” అనో తేల్చేసి, ఆటో మీద వేయించుకుని వచ్చేస్తారు. చీర అయితే ఏడాదికి పదిసార్లు కడతాం. పరుపు మీద ఏడాదిలో మూడు వందల అరవై అయిదు రాత్రులు పడుకుంటాం. పొద్దున్నే లేవగానే నడుం పట్టేసిందంటే పొయ్యి దగ్గర నిలబడవలసింది మనమే కదా! అందుకని ఈవేళ పరుపు కథ ముచ్చటించుకుందాం. ఇది నిన్నా మొన్నటి కథ కాదు.

దక్షిణాఫ్రికాలో బోర్డర్ గుహ అని ఒకటి వుంది. అక్కడ రెండు లక్షల ఏళ్ళ నాటి గడ్డి పడకలు బయటపడ్డాయని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. విశేషమేమిటంటే ఆ గడ్డిని నేలమీద వూరికే పరచలేదు. ముందు బూడిద పొర వేసి, దానిమీద గడ్డి పరిచారు. బూడిదలో పురుగూ పుట్రా పాకలేవు గదా. మన పల్లెటూళ్ళలో పెసలకీ కందులకీ బూడిద కలిపి కుండలో దాచడం లేదూ? అదే కిటుకు. ఈ ఆలోచన ఎవరో ఇల్లాలికే తట్టి వుంటుందని నా నమ్మకం. రుజువు అడక్కండి!

మంచం వచ్చింది చాలా తరువాత. ఈజిప్టు రాజు టుటంఖామెన్ సమాధి 1922లో తెరిచినప్పుడు లోపల మంచాలు కనిపించాయి. అందులో ఒకటి ప్రయాణాల్లో మడిచి పట్టుకుపోయే మంచం కూడాను. చెక్క చట్రానికి మధ్య అల్లిక వుంది, అచ్చం మన మంచాల్లాగే. తలకింద మాత్రం దిండు వుండేది కాదు. చెక్కతోనో దంతంతోనో చేసిన చిన్న పీట పెట్టుకునేవారు. పాపం, ఆ మెడలు ఏమయ్యేవో!

ఇక మన సంగతి. సంస్కృతంలో ఖట్వ అంటే మంచం. అది హిందీలో ఖాట్ అయింది. ఇక్కడికి వచ్చిన తెల్లవాళ్ళ నోట పడి ఇంగ్లీషులో కాట్ అయింది. అంటే మనం ఇంగ్లీషు మాట అనుకుని వాడే కాట్ మన మంచమే, సముద్రం దాటి తిరిగి వచ్చిందన్నమాట. పధ్నాలుగో శతాబ్దంలో మొరాకో దేశంనుంచి ఢిల్లీ వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా మన మంచాలను చూసి ముచ్చటపడ్డాడు. ఒక్క మనిషి నెత్తిన పెట్టుకుని మోయగలిగినంత తేలిక అట. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, మధ్యలో పట్టుతోనో నూలుతోనో అల్లిక. దానిమీద పడుకుంటే ఒంటికి కావలసిన సాగుడు దానికదే వస్తుంది, వేరే ఏమీ పరచనక్కరలేదని రాసుకున్నాడు. ఈ సాగుడు అన్న మాట కాస్త గుర్తుంచుకోండి. తరువాత ఆరు వందల ఏళ్ళపాటు ఫ్యాక్టరీలు పెట్టి, రసాయనాలు కలిపి మనుషులు వెతికింది దీనికోసమే.

నులక మంచానికి వున్న సుగుణం అది. ఒంటి బరువుకు తగినట్టు వంగుతుంది, గాలి ఆడుతుంది, దులిపితే శుభ్రపడుతుంది. దోషం కూడా దానిలోనే వుంది. నాలుగు నెలలు గడిచేసరికి నులక సాగిపోయి మంచం కుక్కి అవుతుంది. కుక్కి మంచంలో పడుకున్న మనిషి ఉయ్యాలలో వేసిన పిల్లాడిలా మధ్యకు జారిపోతాడు. నడుం విల్లులా వంగుతుంది. అందుకే కాళ్ళవైపు తాడు లాగి బిగించుకునే ఏర్పాటు పెట్టారు మన పెద్దలు. ఆదివారం మధ్యాహ్నం ఒక కాలు పట్టె మీద తన్నిపెట్టి మంచం బిగించే దృశ్యం మనలో చాలామందికి ఎరుకే. అంత మెత్తగానూ కాదు, అంత గట్టిగానూ కాదు, మధ్యస్థంగా వుండేలా ఎప్పటికప్పుడు సరిచేసుకోవడమన్నమాట. నవారు మంచానికీ అంతే.

మన కావ్యాలలో రాకుమార్తెలందరూ హంసతూలికా తల్పాల మీదే పడుకుంటారు. అసలు ఇళ్ళలో వున్నవి తుంగచాప, బొంత, జంపఖానా. పరుపు అన్నది అల్లుడికీ, చుట్టానికీ, ఇంటి యజమానికీ. ఆడవాళ్ళకు పందిరి మంచం, పరుపు మూడు రాత్రుల ముచ్చట. ఆ తరువాత వంటింటి పక్కన చాప. మళ్ళీ మంచం ఎక్కేది బాలింతగానే. అప్పుడు కూడా నులక మంచం, దానికింద కుంపటి. ఆ కుంపటి సంగతి మళ్ళీ వస్తుంది.

దూది పరుపు మాట చెప్పుకోకుండా ముందుకు పోలేం. వీధిలో ఏకే విల్లు పట్టుకుని దూదేకుల సాయిబు వస్తున్నాడంటే ఆ నారి చప్పుడుకే పిల్లలందరూ పోగయ్యేవారు. గట్టిపడ్డ దూదిని అరుగుమీద పోసి ఏకుతుంటే మేఘంలా లేచేది. చారల గుడ్డ సంచిలోకి దాన్ని సమంగా సర్ది, మధ్యమధ్య దారం గుచ్చి ముడివేస్తే పరుపు తయారు. బూరుగు దూది మెత్తన, తేలిక. దిండ్లకి బాగుంటుంది గాని పరుపుకి తొందరగా అణిగిపోతుంది. పత్తి దూది బరువు, కాస్త నిలుస్తుంది. మా అమ్మమ్మల కాలంలో పరుపు ఎంత పొడవు, ఎంత వెడల్పు అని అడిగేవారు కాదు, ఎన్ని వీశెల దూది అని అడిగేవారు. తూకంలోనే పరుపు గుణం వుందని వాళ్ళకు తెలుసు. ఈ తూకం మాట కూడా గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది. దూది పరుపుతో చిక్కేమిటంటే మనిషి పడుకున్నచోటల్లా గుంట పడుతుంది. ఎండలో వేయాలి, కర్రతో బాదాలి, రెండేళ్ళకో మూడేళ్ళకో మళ్ళీ ఏకించాలి. ఈ చాకిరీ ఎవరిదో వేరే చెప్పాలా? అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. దూది పరుపు పాడైతే బాగుచేసుకోవచ్చు. తరువాత వచ్చినవాటిలో దేనికీ ఆ భాగ్యం లేదు.

యూరపువాళ్ళు దీనిలో మనకన్న గొప్పవాళ్ళేమీ కారు. పరుపుకు ఇంగ్లీషువాళ్ళు వాడే మాట్రెస్ అన్న మాటే అరబ్బులనుంచి తీసుకున్నది. అరబ్బీలో దాని మూలానికి అర్థం, ఏదైనా పడవేసే చోటు అని. గడ్డీ, ఈకలూ, గుర్రపు వెంట్రుకలూ కూరుకుని శతాబ్దాలు గడిపారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇనుప స్ప్రింగులు వచ్చాయి. 1900 ప్రాంతంలో జేమ్స్ మార్షల్ అనే ఆయన ఒక్కొక్క స్ప్రింగునూ విడివిడిగా గుడ్డ సంచిలో కుట్టే పద్ధతి కనిపెట్టాడు. 1925లో అమెరికాలో సిమ్మన్స్ కంపెనీ ఆ రకాన్ని యంత్రాలమీద విరివిగా తయారుచేయడం మొదలుపెట్టింది. స్ప్రింగు పరుపుల గురించి ఇంతకన్న చెప్పను. మన కథ నురుగుది.

ఆ నురుగు పుట్టిన తీరు వింటే మీకు సరదా వేస్తుంది. 1929లో ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరాన, టైర్లు చేసే డన్‌లప్ కంపెనీలో ఇ. ఎ. మర్ఫీ అనే శాస్త్రజ్ఞుడు వుండేవాడు. రబ్బరు చెట్టు పాలను నురుగు చేసి, ఆ నురుగు అణగకుండా గట్టిపరచగలిగితే ఎలా వుంటుందని ఆయనకు తోచింది. ప్రయోగానికి ఏం వాడాడనుకున్నారు? భార్య కేకుపిండి గిలకొట్టుకునే వంటింటి మిషను వాడాడని చెబుతారు. ఆవిడ ఏమన్నదో ఎవరూ రాసిపెట్టలేదు! ఏమైనా పద్ధతి మనకు తెలిసినదే. చల్ల చిలికితే నురుగు వస్తుంది, కాని ఘడియలో అణిగిపోతుంది. రబ్బరు పాలలో కాస్త సబ్బు కలిపి గిలకొట్టి, తోడు వేసినట్టుగా గడ్డకట్టించే మందు వేసి, అచ్చులో పోసి, గంధకం సాయంతో ఆవిరిమీద ఉడికిస్తే ఆ నురుగు అలాగే నిలిచిపోతుంది. ఇడ్లీపాత్రలో ఇడ్లీ వుడికినట్టే. అదే రబ్బరు నురుగు పరుపు. నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. డన్‌లప్ కంపెనీ మన దేశంలో 1936లో హుగ్లీ నది ఒడ్డున సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. వాళ్ళ టైర్లతోపాటు పేరూ పాకింది. తరువాత ఎవరు చేసిన నురుగు పరుపునైనా సరే తెలుగువాళ్ళు డన్‌లప్ పరుపు అనే పిలిచారు. రైలులో మొదటి తరగతి, సినిమాహాల్లో బాల్కనీ, పెళ్ళిలో అల్లుడికిచ్చే మంచం, వీటి హోదా అంతా ఆ ఒక్క మాటలో వుండేది.

రబ్బరు పాలు ఖరీదైన సరుకు. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, జపానువాళ్ళు మలయాను ఆక్రమించుకోగానే ప్రపంచానికి రబ్బరు కరువు వచ్చింది. అప్పటికే 1937లో జర్మనీలో ఆటో బేయర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పాలీయురెథేన్ అనే పదార్థాన్ని కనిపెట్టివున్నాడు. యుద్ధం తరువాత, 1950లలో దీనితో మెత్తని నురుగు తయారుచేయడం మొదలైంది. ఇందులో గిలకొట్టడం లేదు. రెండు రకాల రసాయన ద్రవాలూ, కొద్దిగా నీళ్ళూ కలిపితే లోపల బొగ్గుపులుసు వాయువు పుట్టి, ఆ బుడగలతో మొత్తం పొంగుతుంది. రాత్రి రుబ్బిపెట్టిన పిండి తెల్లారేసరికి గిన్నె అంచు దాటి పొంగదూ, అటువంటిదే, కాకపోతే రాత్రంతా ఆగనక్కరలేదు, నిమిషాల్లో అవుతుంది. చల్లారిన దిమ్మను రొట్టె ముక్కలు కోసినట్టు కావలసిన మందంలో కోస్తారు. ఈనాడు మన బజార్లలో ఫోం పరుపు అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇదే.

మరొక రకం మన కొబ్బరి పీచుది. పీచును మెలిపెట్టి, రబ్బరు పాలు చిలకరించి, అదిమి వేడిచేస్తే పీచు పరుపు. మన దక్షిణ దేశపు వాతావరణానికి గాలి ఆడుతుంది, మంచిదే. కాకపోతే కొత్తలో చెక్కలా వుండి, కొన్నేళ్ళకు పడుకున్నచోట లోతు పడుతుంది. ఇక చెయ్యి పెడితే అచ్చు పడి మెల్లగా లేచే మెమరీ ఫోం, 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం విమానాల సీట్లకని చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు చేసినది. ఒంటి వేడికి మెత్తబడడం దాని స్వభావం. మన ఎండాకాలంలో ఫ్యాను కింద అది ఎంత హాయిగా వుంటుందో మీరే ఊహించుకోండి.

ఇంతవరకూ పరుపు మెత్తబడిన కథ. దీనికి ఎదురు కథ కూడా ఒకటి నడిచింది. నడుంనొప్పి అనగానే “మెత్తటి పరుపు మానెయ్యండి, చెక్కబల్ల మీద పడుకోండి” అని డాక్టర్లు చెబుతూ వచ్చారు. ఆ మాట విని ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు బల్లల మీదా, గచ్చునేల మీదా పడుకున్నారో లెక్కలేదు. నొప్పి తగ్గకపోయినా, “ఇంకా గట్టిగా వుండాలి కాబోలు” అనుకున్నారే గాని ఆ సలహాను అనుమానించినవాళ్ళు తక్కువ. గట్టిదే ఆరోగ్యం, మెత్తనిది సోమరితనం అని మనకు ఒక భావం కూడా వుంది కదా.

చివరికి స్పెయిన్ దేశంలో ఫ్రాన్సిస్కో కొవాక్స్ అనే డాక్టరూ ఆయన తోటివారూ దీన్ని పరీక్షకు పెట్టారు. చాలాకాలంగా నడుంనొప్పితో బాధపడుతున్న 313 మందిని తీసుకుని, కొందరి ఇళ్ళకు గట్టి పరుపులూ, కొందరి ఇళ్ళకు మధ్యరకం పరుపులూ పంపారు. ఎవరికి ఏది వచ్చిందో వాళ్ళకు చెప్పలేదు. 90 రోజులు పడుకోనిచ్చి, నొప్పి ఎలా వుందో, రోజువారీ పని ఎలా సాగుతున్నదో అడిగారు. గట్టి పరుపువాళ్ళకన్న మధ్యరకం పరుపువాళ్ళే బాగుపడ్డారు. ఈ సంగతి 2003లో లాన్సెట్ అనే పేరుమోసిన వైద్య పత్రికలో అచ్చయింది. అత్యంత గట్టిదానికి 1, అత్యంత మెత్తనిదానికి 10 మార్కులు వేసే కొలత ఒకటి వుంది. దానిలో ఆ గట్టి పరుపు మార్కు 2.3, మధ్యరకం మార్కు 5.6. అంటే దాదాపు నట్టనడుమ. బిగించి కట్టిన నులక మంచం దగ్గరికే వచ్చాం చూశారా!

కారణం కష్టమైనది కాదు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు మన ఒంట్లో భుజమూ, తుంటీ ముందుకు పొడుచుకు వస్తాయి, నడుం లోపలికి వుంటుంది. ఆడవాళ్ళలో ఈ తేడా మరీ ఎక్కువ. చెక్కమీద పడుకుంటే భుజమూ తుంటీ నొక్కుకుపోయి, నడుం గాలిలో వేలాడుతుంది. మరీ మెత్తని దానిమీద తుంటి లోతుకు దిగిపోయి వెన్ను వంగిపోతుంది. భుజాన్నీ తుంటినీ కాస్త దిగనిచ్చి, నడుముకు కిందనుంచి ఆసరా ఇచ్చేదే మంచి పరుపు. ఇందులో మరొక మెలిక వుంది. ఎనభై కిలోల ఆయనకు మధ్యరకంగా తోచే పరుపు నలభై అయిదు కిలోల ఆవిడకు చెక్కలా వుంటుంది, ఆవిడ బరువుకు అది దిగదు. ఆయన అరచేత్తో అదిమి తెచ్చిన పరుపు మీకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి కొట్టుకు మీరే వెళ్ళాలి, వెళ్ళి పడుకుని చూడాలి. “నలుగురిలో పరుపు మీద పడుకోవడమా, సిగ్గు కాదూ!” అంటారు. సిగ్గేముంది? చెప్పుల కొట్లో చెప్పులు తొడుక్కుని చూడమూ? ఇంట్లో ఎలా పడుకుంటారో అలా పక్కకు తిరిగి, పది నిమిషాలపాటు కదలకుండా వుండండి. తోడు వచ్చిన ఆవిడను వెనకనుంచి మీ వెన్ను చూడమనండి, తిన్నగా గీతలా వుందా, వంగిందా అని. వెల్లకిలా తిరిగి నడుం కిందకు చెయ్యి పోనివ్వండి. ఇట్టే దూరిపోతే పరుపు గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తనిది. కాస్త ఒరుసుకుంటూ దూరితే సరి.

ఇప్పుడు తూకం సంగతి. గట్టిదనం వేరు, చిక్కదనం వేరు. ఒక ఘనపు మీటరు ఫోం ఎన్ని కిలోలు తూగుతుందో దాన్ని డెన్సిటీ అంటారు. పలచని ఫోం కూడా కొత్తలో గట్టిగానే అనిపించవచ్చు, కాని రెండేళ్ళలో చతికిలబడుతుంది. రోజూ పడుకునే పరుపుకు 32కు తక్కువ వద్దు, 40 అయితే మరీ మంచిది. అంకె బిల్లు మీద రాయించుకోండి. నిజమో కాదో ఇంట్లోనే లెక్క కట్టవచ్చు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం వున్న ఫోం 6 ఘనపుటడుగులు. 32 డెన్సిటీ అయితే అది సుమారు 5 కిలోల 400 గ్రాములు తూగాలి, 40 అయితే 6 కిలోల 800. మూడు కిలోలే తూగిందంటే కొట్టువాడు మీకు గాలి అమ్మాడన్నమాట. వీశెల్లో పరుపు కొన్న అమ్మమ్మలు తెలివితక్కువవాళ్ళేం కారు. అయితే ఫోం తుక్కును అతికించి చేసే రంగురంగుల గట్టి దిమ్మలు మంచి బరువే తూగుతాయి. అటువంటిది అడుగు పొరగా వుంటే ఫరవాలేదు గాని పరుపంతా అదే అయితే చెక్కమీద పడుకున్నట్టే. పైన అట్టమీద ఆర్థోపెడిక్ అని రాసినంత మాత్రాన ఏ డాక్టరూ దాన్ని పరీక్షించాడని కాదు.

మధ్యరకం అన్నది పెద్దవాళ్ళ మాట. ఏడాది లోపు పసిపిల్లలను మాత్రం సమంగా, గట్టిగా వున్న పక్కమీదే, వెల్లకిలా పడుకోబెట్టాలి. మెత్తని పరుపులో ముఖం కూరుకుపోతే వాళ్ళు తిప్పుకోలేరు.

ఇక కుంపటి. 1979లో ఇంగ్లండులో మాంచెస్టర్ నగరంలో ఒక పెద్ద దుకాణంలో ఫోం కుర్చీలు, సోఫాలు అంటుకుని పదిమంది చనిపోయారు. మంటకన్న ముందు ఆ నల్లని విషపు పొగే ప్రాణం తీస్తుంది. తరువాత 1988లో అక్కడ ఫోం సామాన్లకు కఠినమైన నిబంధనలు పెట్టారు. దూది నిదానంగా రాజుతుంది, వాసన పట్టి చూసుకోవచ్చు. ఫోం అంటుకుంటే ఆ వ్యవధి ఇవ్వదు. బాలింత మంచం మీద ఫోం వేస్తే కింద కుంపటి పెట్టకండి. దోమల చుట్ట మంచం కిందకు తోయకండి. సాంబ్రాణి పొగ వేసినా నిప్పు దూరంగా వుంచండి.

అలాగే నులక మంచం మీదా, నవారు మంచం మీదా ఫోం వేయవద్దు, మంచంతోపాటు అదీ కుక్కి పడుతుంది. సందులున్న బల్లమంచం మంచిది, కిందనుంచి గాలి ఆడుతుంది. దూది పరుపులా దీన్ని మండుటెండలో వేయకూడదు. ఎండకు ఫోం పసుపుపచ్చగా మారి, పొడిపొడిగా రాలుతుంది. గాలి తగిలే నీడలో నిలబెడితే చాలు. నెలకోసారి తలవైపు కాళ్ళవైపుకు మార్చండి. పడుకోనప్పుడు కూడా ఒకటిన్నర అంగుళం లోతు గుంట నిలిచిపోయిందంటే దాని ఆయువు తీరినట్టే, దాన్ని ఏ విల్లూ ఏకలేదు.

పాత దూది పరుపు ఇంట్లో వుంటే మాత్రం పారేయకండి. ఆ దూది ఏకించి, పాత నూలు చీరల మధ్య పలచగా పరచి బొంత కుట్టించుకుంటే, ఎండాకాలంలో ఫోం మీద వేసుకోవచ్చు. చెమట పీల్చుకుంటుంది, వారానికోసారి ఎండలో వేయడానికీ వీలు.